డాలరున్నర రసీదు

నేను పుట్టింది వర్జీనియాలో, ఒక కౌంటీ ట్రెజరర్ గారి కౌంటరు మీద. ఒంటి మీద కట్టినవాళ్ళ పేరు, ఏ ఏటి పన్నో ఆ ఏడు, డాలరున్నర అంకె, కింద ఒక సంతకం. పోల్ టాక్స్ (తలపన్ను) రసీదు అంటారు నన్ను. నేను పుట్టకపోతే వాళ్ళకి ఓటు లేదు.

మా వంశానికి మూలం 1902 నాటి వర్జీనియా రాజ్యాంగం. నల్లవాళ్ళని ఓటుకి దూరం పెట్టడానికే రాస్తున్నామన్న సంగతి రాసినవాళ్ళు దాచుకోలేదు. నా సొమ్ములో ఒక డాలరు బడులకి పోయేది. వినడానికి ఎంత బాగుందో! నిజంగా డబ్బే కావాలంటే బకాయిల కోసం వెంటపడాలి కదా? ఎగ్గొట్టినవాళ్ళ మీద మూడేళ్ళు దాటేదాకా కోర్టుకెక్కకూడదని అదే రాజ్యాంగంలో రాసుకున్నారు. జనం కట్టకపోవడమే వాళ్ళకి కావాలి.

వెనకటి మూడేళ్ళ పన్నూ ఎన్నికలకి ఆరు నెలల ముందే కట్టెయ్యాలి. ఇళ్ళల్లో పనిచేసే ఒకావిడ కౌంటరు మీద చిల్లర పోసి రెండుసార్లు లెక్కపెట్టింది. "ఒక్క ఏడాదిదేనా? మిగతా రెండేళ్ళవో?" అన్నాడు గుమాస్తా, తలెత్తకుండానే. నాలుగున్నర డాలర్లనేసరికి చిల్లరంతా మళ్ళీ పర్సులో వేసుకుంది. పేద తెల్లవాళ్ళూ ఇలాగే వెనక్కి పోయేవాళ్ళు. విడ్డూరమనుకోకండి, తెల్లదొరల కాలంలో మద్రాసు ప్రెసిడెన్సీలో మీ తాతలకి కూడా ఆస్తో పన్నో చదువో చూపిస్తేనే ఓటు!

1937లో జార్జియా కేసులో అమెరికా సుప్రీంకోర్టు నన్ను సబబేనంది. 1964లో అమెరికా రాజ్యాంగానికి 24వ సవరణ వచ్చి, అమెరికన్ కాంగ్రెస్, అధ్యక్ష ఎన్నికల్లో నన్ను అడగకూడదంది. వర్జీనియా ఊరుకుంటుందా? పన్ను కట్టనివాళ్ళు నివాస ధ్రువపత్రం దాఖలు చెయ్యాలని మెలిక పెట్టింది. 1965లో కోర్టు దాన్నీ కొట్టేసింది. ఇక రాష్ట్ర ఎన్నికల్లో మాత్రం మిగిలాను.

అక్కడ నా పని పట్టింది ఇద్దరు ఆడవాళ్ళు. నార్‌ఫక్‌లో బట్టలు కుట్టే ఎవెలిన్ బట్స్, ఇళ్ళల్లో పనిచేసి మానేసిన యానీ హార్పర్. కింది కోర్టు 1937 తీర్పు చూపించి పంపేసినా వదల్లేదు. సుప్రీంకోర్టులో వాళ్ళకి మద్దతుగా కేంద్రం తరఫున తర్‌గుడ్ మార్షల్ వాదించాడు. 1966 మార్చి 24న 6-3తో తీర్పొచ్చింది. ఓటరు అర్హతకీ వాడి డబ్బుకీ సంబంధం లేదని రాశాడు జస్టిస్ డగ్లస్. 1937 ధర్మాసనంలో కూర్చున్న హ్యూగో బ్లాక్ మాత్రం అప్పుడూ ఇప్పుడూ నా వైపే!

నేను పోయాననుకున్నారు. కానీ ఫ్లోరిడాలో నేరానికి శిక్ష పూర్తయినవాళ్ళు కోర్టు జరిమానాలు, ఫీజులు కట్టేస్తేనే ఓటు. ఇది పోల్ టాక్సే కదా అని కొందరు కోర్టుకెళితే, 2020లో అప్పీలు కోర్టు 6-4తో కాదంది. నన్నడిగితే, అది మా వంశంలోదే.