ఉండాదిలే మామా!

మా ఊరు వెంకటమ్మనహళ్లి. బోర్డులు కన్నడంలో ఉంటాయి, తిట్లు తెలుగులో ఉంటాయి. మొన్న శనివారం మా మేనల్లుడు బెంగళూరు నుంచి కారేసుకొని వచ్చాడు. వస్తా వస్తా పావగడ శనీశ్వరుడి గుడి దగ్గర ఆపి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు తొక్కించి, అద్దానికి మిరపకాయల దండ కట్టించుకున్నాడు. అది మామూలు కారు కాదులెండి. అప్పుడప్పుడూ మద్రాసు పక్కన ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాకుకు తీసుకుపోయి, డబ్బు కట్టి, పొద్దస్తమానం గిరగిరా తిప్పుకొని వస్తాడు. దాన్ని ట్రాక్ డే అంటారంట. మా నాయన గానుగెద్దుకు ఇదే పని చెప్పేవాడు. కాకపోతే అక్కడ నూనె వచ్చేది, ఇక్కడ పోతుంది.

కారులో వెనక సీటు లేదు, దాని చోట ఇనుప గొట్టాల పంజరం. ఆ టైర్ల ఖరీదుకు ఒక పాడావు వస్తుంది. అంతా చూసి, “నిప్పంటుకుంటే ఎట్ల రా?” అన్నాను.

“ఉండాదిలే మామా” అన్నాడు.

ఈ ఒక్క మాట మీదే మన మంటలార్పే ఏర్పాటంతా నడుస్తోంది. మంటలార్పే సిలిండరు ఆఫీసులో ఉండాది, తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టడానికి. పెట్రోలు బంకులో ఎర్ర బకెట్లు ఉండాయి, వక్కాకు ఉమ్మడానికి. వ్యానులో కూడా ఉండాది, ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు ఇచ్చే ఎఫ్‌సీ రోజున. మర్నాడు అదే సిలిండరు ఇంకో వ్యాను ఎఫ్‌సీకి పోతుంది, పెళ్లిళ్లకు తిరిగే అద్దె నగ మాదిరి. ‘పని చేస్తుందా?’ అని ఎవరన్నా అడిగితే అపశకునం పలికినవాడిలా చూస్తారు.

సరే, ఉండేదాన్ని చూద్దామని వంగాను. పక్క సీటు కింద, పట్టుకుంటే అతుక్కునే గుడ్డ పట్టీతో కట్టి ఉంది. “తీసేదానికి సులువు మామా” అన్నాడు. తీయడానికేం ఖర్మ, బ్రేకు గట్టిగా తొక్కితే అదే వస్తుంది! రేసులకు పెద్దదిక్కయిన ఎఫ్ఐఏ నియమాల్లో, ఆ బిగింపు సిలిండరు బరువుకు 25 రెట్ల బరువు మీద పడినా ఊడిరాకూడదని ఉంది. రెండు కిలోల పౌడరుది సిలిండరుతో కలిపి దాదాపు 4 కిలోలు తూగుతుంది. 25 పెట్టి హెచ్చవేస్తే 100 కిలోలు, అంటే ఒక క్వింటాలు చెనిక్కాయ. ఆ మూటను గుడ్డ పేలికతో కట్టి, దాని ముందర కూర్చుని గోడను గుద్దుకోమంటే మా ఊళ్లో పిచ్చోడు కూడా ఒప్పుకోడు. అందుకే ఇనుప పట్టీలు రెండు కావాలి, ఒక్క లాగుతో విడిపోయే కొక్కేలు కావాలి, బోల్టులు కారు అడుగు రేకులోకి దిగాలి. మావాడి పట్టీ తివాచీకి కుట్టి ఉంది.

“బెల్టు పెట్టుకొని కూర్చో, తీసి చూపించు” అన్నాను. ఆరు కొసల బెల్టు బిగించుకున్నాడు. చెయ్యి చాచాడు. అందలేదు. భుజం వంచాడు, బెల్టు వదల్లేదు. నేను అంకెలు లెక్కపెడుతున్నాను. ముప్పై దగ్గర మా అమ్మ వచ్చి, “ఆ పిల్లోణ్ణి ఎందుకట్ల కట్టేసినావు?” అంది.

చివరికి నేనే లాగాను. ఆయుధపూజ నాడు దానికీ బొట్టు పెట్టారు, సరిగ్గా ప్రెషరు గేజీ అద్దం మీద. ఎర్రగా ఉంటే కుంకుమేమో అనుకున్నాను. తుడిస్తే ముల్లు కూడా ఎర్రలోనే ఉంది. అడగ్గా అడగ్గా తేలింది: స్నేహితుడి పుట్టినరోజుకు రీలు తీస్తూ ఒక్కసారి ‘బుస్సు’మనిపించాడంట. “ఒక్క సెకనే మామా!” ఒక్క సెకను కొట్టినా పౌడరు రేణువులు వాల్వులో ఇరుక్కొని గాలి మెల్లమెల్లగా జారిపోతుంది. నొక్కితే నింపించాల్సిందే. నింపే అంగళ్లలోనూ కొన్ని మహా చురుకైనవి. మూత విప్పకుండానే కొత్త తేదీ కాగితం అతికిస్తాయి.

ముల్లు పచ్చలో ఉన్నా సంబరపడక్కర్లేదు. అది గాలి సంగతే చెబుతుంది, పౌడరు సంగతి చెప్పదు. ఏబీసీ పౌడరులో ముఖ్యమైన సరుకు మోనో అమ్మోనియం ఫాస్ఫేటు, మనం టమాటాకు డ్రిప్పులో వదిలే 12-61-0 ఎరువే. చెమ్మ తగిలితే ఆ ఎరువు ఎట్లా గడ్డ కడుతుందో రైతుకు చెప్పాలా? కారు కుదుపుకు అడుగున దిమ్మెసుకుపోతుంది కూడా. అందుకే అప్పుడప్పుడు తలకిందులు చేసి కదిలించాలి. పైగా మా ఎండ! ఈ ఎండను నమ్ముకొనే పక్కనే తిరుమణి చుట్టూ 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలారు పార్కు పెట్టారు. అద్దాలు మూసి నిలబెట్టిన కారులో సిలిండరు కూడా ఆ పథకంలో లబ్ధిదారే.

మావాడి దగ్గర ఇంకో వాదన ఉంది. “పౌడరు కొడితే వైర్లు, అల్యూమినియం అంతా తినేస్తాది మామా, ఇంజను పాడైపోతాది.” నిజమే, తింటుంది. మంట మాత్రం ఉపవాసముంటుంది పాపం!

చిన్న సిలిండరు పది సెకన్లలో ఖాళీ అవుతుంది. బానెట్ బార్లా తెరిస్తే మంటకు గాలి దానం చేసినట్టే; వేలెడు సందులోంచి కొట్టాలి. అసలు అది కారును కాపాడే వస్తువు కాదు, మనిషి బయటపడటానికి నాలుగు క్షణాలు కొనిపెట్టే వస్తువు. 1973 జులై 29న నెదర్లాండ్స్‌లోని జాండ్‌వోర్ట్ రేసులో రోజర్ విలియమ్సన్ కారు బోర్లాపడి అంటుకుంది. డేవిడ్ పర్లీ తన కారాపి పరుగెత్తాడు. ఒంటరిగా దాన్ని ఎత్తబోయాడు, సిలిండరు తెచ్చి కొట్టాడు. అది అయిపోయింది. మంట అయిపోలేదు. విలియమ్సన్ దక్కలేదు.

మనకు అంత దూరం ఎందుకు? బెంగళూరు–హైదరాబాదు రోడ్డు మా ఊరికి తూర్పున పోతుంది. 2013 అక్టోబరు 30న పాలెం దగ్గర బస్సు కాలి 45 మంది పోయారు. 2025 అక్టోబరు 24న చిన్నటేకూరు దగ్గర బస్సులోనే 19 మంది. ఆ మంటలకు చిన్న సిలిండరు చాలేది కాదు, ఒప్పుకుంటాను. అయినా ఆ రోడ్డు మీద బస్సెక్కిన ప్రతిసారీ సిలిండరు కోసం చూస్తాను. ఎక్కడుందని అడిగితే, ఫోను చూసుకుంటున్న క్లీనరు తలెత్తకుండా మావాడి మాటే చెబుతాడు.

సోమవారం పావగడ పోయి కొత్త సిలిండరు తెచ్చాం. వెల్డింగు అంగట్లో ఇనుప పట్టీలు చేయించి, డ్రైవరు సీటు ముందర అడ్డంగా, చేతికందేటట్టు బోల్టులు బిగించాం. బెల్టు పెట్టుకొని ఆరు లెక్కపెట్టేలోగా తీశాడు. ఇంతలో మా అమ్మ కుంకుమ గిన్నె పట్టుకొచ్చింది.

“గేజీ మీద మాత్రం వద్దమ్మా” అన్నాను.