థర్మల్ ప్రకటనకు భస్మవ్యాఖ్య

మూలం: "బాయిలర్ ట్యూబ్ లీకేజీ వల్ల రెండో యూనిట్ ట్రిప్ అయింది. పీఎల్‌ఎఫ్ సంతృప్తికరం. యాష్ యుటిలైజేషన్ నూరు శాతం, లెగసీ యాష్ మినహా."

అవతారిక: దీని కర్త ఎవరో తెలియదు. బొగ్గు మండే చోటల్లా ఇదే పాఠం వినిపిస్తుంది కనుక అపౌరుషేయమని కొందరి మతం. ఆధారం లేనిదీ, అక్కరలేనిదీ రాయనని కోలాచల మల్లినాథసూరి ప్రతిజ్ఞ పట్టాడు. ఆ మెతుకుసీమ పండితుడికి వ్యాఖ్యానించడానికి కాళిదాసు దొరికాడు, చెల్లింది. నాకు దొరికింది ఇది.

ట్రిప్ అయింది: ఆగిపోయింది. ఆపినది రక్షణ రిలే, తన ధర్మం అది నెరవేర్చింది. గొట్టం ఎందుకు చిల్లు పడిందో మాత్రం మూలకారుడు మింగేశాడు. మన బొగ్గులో నూటికి 30 నుంచి 45 పాళ్లు బూడిదే. పొగవాయువుల వెంట పరుగెత్తుతూ అది గొట్టాలను గీకి గీకి పలచన చేయడం ఈ చిల్లులకు ఒక ముఖ్య కారణం.

పీఎల్‌ఎఫ్: స్పష్టం. (కష్టమైన చోట ఈ మాట వేసి దాటిపోవడం వ్యాఖ్యాతల కులాచారం.)

యాష్: ఇక్కడ కాస్త నిలవాలి. రసశాస్త్రం భస్మానికి పరీక్షలు పెట్టింది. వేలి గీతల్లో ఇమిడితే రేఖాపూర్ణం, నీటిమీద తేలితే వారితరం, తిరిగి లోహం కాకుంటే అపునర్భవం. మన ద్రవ్యాన్నీ పరీక్షిద్దాం. బూడిద చెరువు పక్క ఊళ్లో తలుపు గొళ్లెం ముట్టుకుంటే చాలు, రేఖాపూర్ణం సిద్ధించింది. వారితరమూ అబద్ధం కాదు. లోపల బోలుగా ఉండే సన్నని గుళికలు, సెనోస్ఫియర్లు, ఆ చెరువుమీద తెట్టులా తేలుతాయి. వాటికి మంచి గిరాకీ ఉంది, పైనుంచి తీసి అమ్ముకుంటారు. పాదరసంతో కుస్తీపట్టిన సిద్ధులు ఇంత చవకగా రెండు పరీక్షలు గట్టెక్కలేదు. మూడోదే చిక్కు. చెరువులో కలిపిన భస్మం మళ్లీ పుట్టరాదు. ఎండాకాలం నీళ్లింకి గాలి లేచిందా, ప్రతి మధ్యాహ్నమూ పుడుతుంది. ఆరేసిన బట్టలమీద, మిరప కల్లాల్లో, పసిపిల్లల గొంతుల్లో పుడుతుంది.

ఎక్కడున్నాం? యుటిలైజేషన్ దగ్గర. సిమెంటులో కలిపినా, ఇటుకలు పోసినా వినియోగమే, కాదనను. పల్లపు నేల నింపినా లెక్కలోకే వస్తుంది. అంటే ఈ గుంతలో ఉన్నంతసేపు బూడిద, లారీ ఎక్కి ఇంకో గుంతలో దిగితే వినియోగం.

లెగసీ యాష్: ఏళ్ల తరబడి చెరువుల్లో పేరుకున్నది. తాతలు పంచి ఇచ్చిన మాన్యంలా పేరు పెట్టారు, వాటాదార్లను మాత్రం అడగలేదు. బూడిద వాడాలని కేంద్రం మొదటి నోటిఫికేషన్ ఇచ్చింది 1999లో. 2021 డిసెంబరు 31 నాటిది పాతదాన్ని తీర్చడానికి పదేళ్లు గడువిచ్చింది. చెట్లు పెంచి స్థిరపరిచిన చెరువులను వదిలిపెట్టింది.

మినహా: మూలానికంతా ప్రాణం ఈ పదమే. చెరువంతా తీసేసినా నూరు నూరుగానే మిగలడం ఈశావాస్య శాంతిపాఠం చదివినవారికి కొత్త గణితం కాదు.

పాఠాంతరం: ఇక్కడ "లెగసీ యాష్ ఇన్ని లక్షల టన్నులు, ఫలానా తేదీకి ఖాళీ" అని ఉండి తీరాలి. ఆ అంకె వేసిన ప్రతిని గట్టు కింది పంచాయతీ గోడకు అంటిస్తే పరిష్కర్తకు శ్రమ తప్పుతుంది.