ఒక బీప్ అంటే అవును

ఏరా, మళ్లీ బొమ్మ అడుగున అక్షరాలు పెట్టావా? మా రోజుల్లో టీవీ చూసేవాళ్లం, మీరు చదువుకుంటున్నారు. ఆగాగు, తీసెయ్యకు. అవి లేకపోతే నాకు సగం మాటలు అందవు. చెవి మిషను కొనిచ్చాం కదా అంటావు. ఉంది, బీరువాలో, డబ్బాలో, భద్రంగా.

అంతరిక్షం కథలంటే మా కాలంవే. 1966 స్టార్ ట్రెక్‌లో కెప్టెన్ పైక్ ప్రమాదంలో ముఖం చెడి, మాట పోయి, పెట్టెలాంటి కుర్చీలో కూర్చుని ఉండేవాడు. దీపం ఒక్కసారి వెలిగి బీప్‌మంటే అవును, రెండుసార్లంటే కాదు. ఎంత క్లుప్తం! మీ నాయనమ్మతో నలభై ఏళ్లుగా నా సంసారం ఆ లెక్కనే సాగుతోంది. నువ్వేమో "చుక్కల మధ్య తిరిగే ఓడ కట్టినవాళ్లకి ఆయన చేత నాలుగు ముక్కలు రాయించే యంత్రం దొరకలేదా తాతయ్యా" అని అడ్డుపుల్ల వేస్తావు. మాకప్పుడు ఎందుకు తట్టలేదో మరి.

తర్వాత స్టార్ ట్రెక్ నెక్స్ట్ జనరేషన్‌లో జోర్డీ, ఆ గుడ్డి ఇంజనీరు. "అలా అనకు తాతయ్యా, అంధుడు అను" అంటుంది మీ అక్క. పేర్లు మార్చడంలో మీ తర్వాతే ఎవరైనా. చెవిటివాణ్ని బధిరుడన్నారు, వికలాంగుణ్ని దివ్యాంగుడన్నారు. పేర్లేనా, 2023లో డాక్టర్ హూ సీరియల్లో, కాలంలో తిరిగే పెట్టె లోపల కూడా చక్రాల కుర్చీకి వాలుదారి వచ్చిందట. మా వీధి బ్యాంకుకి మాత్రం ఆరు మెట్లు ఆరే.

ఏం చెబుతున్నానూ, జోర్డీ. కళ్లకి అడ్డంగా పెట్టుకునే అతని వైజరుకి మూలం ఆడవాళ్ల జడ క్లిప్పు. కథలో దాంతో మనకి కనపడనివి కూడా చూసేవాడు. తీరా షూటింగులో అది పెట్టుకుంటే ఆ వేషం వేసిన లెవార్ బర్టన్‌కి దారి ఆనక వాటికీ వీటికీ కొట్టుకునేవాడట. 1996 సినిమాకి దాన్ని తీసేసి కృత్రిమ కళ్లు పెట్టేశారు. ముచ్చటైన వస్తువు, పాడుచేశారు. ఆ నటుడు సుఖపడ్డాడంటావా? ఆయన సుఖంతో నాకేం పని?

అన్నిటికంటే నాకు నచ్చింది అదే నెక్స్ట్ జనరేషన్‌లో 1989లో వచ్చిన 'లౌడ్ యాజ్ ఎ విస్పర్' భాగం. రివా పుట్టు చెవిటి, యుద్ధాలు ఆపే రాయబారి. ఆయన మనసులో మాట పలకడానికి వెంట ముగ్గురు ఉంటారు. వాళ్లు చచ్చిపోతే పెద్దమనిషి కుప్పకూలిపోతాడు. వేషం వేసిన హోవీ సీగో నిజంగానే వినపడని మనిషి. మొదట రాసిన కథలో చివరికి రివా నోటితో మాట్లాడటం నేర్చుకుంటాడట. సీగో ఒప్పుకోలేదు, మార్పించాడు. దాంతో చివరికి రివాయే కొట్టుకునే రెండు వర్గాలకీ సైగల భాష నేర్పడానికి వాళ్ల గ్రహం మీద ఉండిపోతాడు. వాళ్లది నేర్చుకునేసరికి ఒకళ్లనొకళ్లు అర్థం చేసుకోవడమూ వస్తుందని ఆయన లెక్క. చూశావా, మా రోజుల్లో ఎలా తీసేవాళ్లో! ఒక్కడు గట్టిగా అడ్డం తిరగబట్టే తీశారంటావా? అనుకో.

నువ్వు చూపించిన 2015 డాక్టర్ హూలో నాకేమీ నచ్చలేదు, కాస్ అనే అమ్మాయి తప్ప. ఆ వేషం వేసిన సోఫీ స్టోన్‌కీ వినపడదటగా. దయ్యాల పెదాలు చదివేది ఆ పిల్లే. దయ్యం వెనకాల గొడ్డలి ఈడ్చుకుంటూ వస్తుంటే, వంగి నేల మీద అరచెయ్యి ఆనించి ఆ అదురు పట్టుకుంటుంది చూడు, అక్కడ నాకు మా బామ్మ కనిపించింది. పిడుగు పడ్డా ఆవిడకి వినపడేది కాదు. కానీ వసారా గచ్చు మీద చెయ్యి ఆన్చి కూర్చుని, "పక్కింట్లో దంపుడు మొదలెట్టార్రా" అనేది. వెళ్లి చూస్తే రెండు రోకళ్లు లేస్తూ ఉండేవి. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టని సామెత కట్టినవాడు మా బామ్మని ఎరగడు. మేమూ ఆవిడతో సైగలేం నేర్చుకున్నాం? అరిచేవాళ్లం, అంతే. ఊరంతా వినేది, ఆవిడ తప్ప.

ఏదీ, ఆ గొడ్డలి చోటు మళ్లీ పెట్టు. ఆ అక్షరాలు కాస్త పెద్దవి చెయ్యి. చీమల బారులా ఉన్నాయి, వెధవ అక్షరాలు.