టీ అంగట్లో వేలంపాట

ఐపీఎల్ వేలం జెడ్డాలోనో అబుదాబిలోనో జరుగుతుందని లోకం నమ్మకం. ఉదయగిరి టీ అంగళ్లలో అది ముందే ముగిసిపోతుంది. 2018లో సన్‌రైజర్స్ ధావన్‌ను ఢిల్లీకిచ్చి, అభిషేక్ శర్మతో కలిపి ముగ్గురిని తెచ్చుకుంటే ‘కొంప ముంచారు’ అన్న నోళ్లే, 2024లో అతగాడు సిక్సర్లు బాదుతుంటే ‘మేం ఆనాడే చెప్పాం’ అన్నాయి. రూ.20 లక్షల విశాఖ కుర్రాడు నితీశ్‌కుమార్ రెడ్డి రూ.6 కోట్లయినప్పుడూ ఇదే తంతు. 2009లో కప్పు కొట్టిన డెక్కన్ చార్జర్స్ 2012 దాటి బతకలేదు; సన్‌రైజర్స్‌కు దక్కిందీ 2016 నాటి ఒక్కటే. అయినా పదేళ్ల ప్రణాళిక ఇక్కడ ఎప్పుడూ సిద్ధం. తొలి అంశం, కెప్టెన్‌ను మార్చడం. జట్టు పర్సులో మిగిలిన కోట్లు అందరికీ నోటిలెక్క. అంగడి ఖాతాలో ఎవరి బాకీ ఎంతో మాత్రం అంగడాయన చెప్పాల్సిందే.