గుంతలుండగా సముద్రమెందుకు?

ఆంధ్రప్రదేశ్‌లో ఉంటూ కుదుపుల కోసం సముద్రపు ఒడ్డుదాకా వెళ్లేవాడిని చూస్తే రోడ్లు, భవనాల శాఖకు మనసు చివుక్కుమనాలి. ఇంత చేసినా గుర్తింపు లేదే అనిపించాలి. ఈమధ్య కోస్తాలో కొత్త సరదా ఒకటి పట్టుకుంది. ఆదివారం కోడి కూయకముందే ఇద్దరు మిత్రులు తెనాలిలో చెరో బండీ తీస్తారు. వేమూరు, భట్టిప్రోలు మీదుగా రేపల్లె, అక్కణ్ణుంచి నిజాంపట్నం, ఆపైన వీలైనంత మేర ఇసుకలో పడి సూర్యలంక, చివరికి బాపట్ల మీదుగా చీకటిపడే వేళకు మళ్లీ తెనాలి. దీన్ని ఆఫ్‌రోడ్ రైడ్ అంటారు. 2016లో రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్, 2019లో హీరో ఎక్స్‌పల్స్ వచ్చాక, అంతకుముందు కొద్దిమంది రేసర్లకే ఉన్న ఈ వ్యసనం నెలవాయిదాల మీద అందరికీ దొరుకుతోంది. హిమాలయాల పేరు పెట్టుకున్న బండిని సముద్రమట్టానికి నాలుగడుగుల ఎత్తున నడపడంలోని విడ్డూరాన్ని వదిలేద్దాం. వదలకూడని సంగతి ఇంకోటుంది. సాహసానికి కావలసిన సరంజామా అంతా ఈ ప్రాంతంలో రోడ్డు అని రికార్డుల్లో రాసి ఉన్నచోటే దొరుకుతుంది. తాను రోడ్డునని ఏనాడూ చెప్పుకోనిది తీరం ఒక్కటే. మనవాళ్లు ఏరికోరి అక్కడికే పోతున్నారు.

ముందు రోడ్ల సంగతి. కృష్ణా పశ్చిమ డెల్టాలో చాలామేర నల్లరేగడి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. దాని మీద పరిచిన తారు ఏటా రెండుసార్లు లేచి కూర్చుంటుంది. దానికి తోడు నాట్ల కాలంలో దమ్ము చక్రాలతోనే రోడ్డెక్కే ట్రాక్టర్లు, కృష్ణ ఇసుక మోసే లారీలు, దారిపొడవునా ఉప్పునీళ్లు కార్చుకుంటూ పోయే చేపల బళ్లు. ఎక్స్‌పల్స్ బండి కడుపుకీ నేలకీ మధ్య 220 మిల్లీమీటర్ల ఎడం ఉంటుందని కంపెనీ గొప్పగా చెబుతుంది. ఆ గొప్ప నిజమో కాదో తేల్చడానికి వానాకాలంలో ఏదో ఒక లంక గ్రామం దారి చాలు. గుంతలకు మన రాజకీయాల్లో ఉన్న హోదా తక్కువదేం కాదు. 2021లో ప్రతిపక్షాలు వాటి ఫొటోలతో ఉద్యమం నడిపాయి. 2024 నవంబరులో కొత్త ప్రభుత్వం గుంతలు పూడ్చే కార్యక్రమాన్ని ముఖ్యమంత్రి చేతుల మీదుగా మొదలుపెట్టింది. ఇక మన రోడ్డు ఆకలి ఈనాటిది కాదు. భట్టిప్రోలు బౌద్ధ స్తూపం ఇటుకల్నీ పాలరాళ్లనీ 19వ శతాబ్దంలో రోడ్లకూ కాలువ పనులకూ తోలేశారు. 1892లో పురావస్తు అధికారి అలెగ్జాండర్ రీ వచ్చి తవ్వితే, గుత్తేదారుల చేతికందని లోతున ధాతువుల భరిణెలూ వాటి మీది శాసనాలూ బయటపడ్డాయి. రెండు వేల ఏళ్లకు పైబడిన స్తూపాన్ని మింగి కూడా నిలబడని దారి మీద ప్రయాణించడాన్ని మించిన సాహసం తీరంలో ఏముంటుంది? ఒక్క 216వ నంబరు జాతీయ రహదారి మాత్రం చాలావరకు నున్నగా ఉండి వీరుల్ని నిరాశపరుస్తుంది. దాన్ని క్షమించాలి.

ఇప్పుడు తీరం. ఖాళీగా ఉంది కదా అన్నదే ఈ సరదాకు మూలధనం. గోడ లేదు, గేటు లేదు, అడిగేవాడు లేడు, కనుక ఖాళీ. నిజానికి బాపట్ల ఇసుకంత పనిచేసే ఉద్యోగి జిల్లాలో లేడు. పడిన వాననీటిని ఇసుక దిబ్బ తనలో దాచుకుంటుంది. తేలిక గనుక ఆ మంచినీరు కింద ఉన్న ఉప్పునీటి మీద పొరలా నిలుస్తుంది. తీరపు రైతులు తరతరాలుగా దొరువులు తవ్వి ఆ పైపొర నీళ్లతోనే కూరగాయలూ నారుమళ్లూ తడుపుకుంటున్నారు. ఉప్పు కలవకుండా ఆ పొరను మాత్రమే తోడే మెరుగైన దొరువు పద్ధతిని బాపట్ల పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలే రూపొందించారు. దిబ్బ నిలవాలంటే దాని మీద పాకే తీగలూ, రావణాసురుని మీసాలనే ముళ్లగడ్డీ బతకాలి. గాలికి కొట్టుకొచ్చే ఇసుకను అవే పట్టి ఆపుతాయి. వీరుడు తన మీసం మెలేస్తూ ఆ మీసాల మీదుగా బండి తోలితే వేళ్లు తెగుతాయి, ఇసుక కదులుతుంది, దిబ్బ కుంగుతుంది. ఈ దిబ్బల విలువ ఇక్కడివాళ్లకు పాఠంగా చెప్పక్కర్లేదు. 1977 నవంబరు 19న దివిసీమను ఊడ్చేసిన ఉప్పెన రేపల్లె, నిజాంపట్నం వైపూ వచ్చింది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. అలకు ఎదురు నిలబడే దిబ్బనూ సరుగుడు తోటనూ మడ అడవినీ ఆటస్థలం అనుకోవాలంటే తుపాను వచ్చేనాటికి మనం తెనాలిలో ఉంటామన్న ధీమా ఉండాలి.

ఇసుకలో కాపురముండే మరో జీవి ఆలివ్ రిడ్లే తాబేలు. జనవరి నుంచి మార్చి దాకా రాత్రివేళ ఒడ్డుకొచ్చి, మూరెడు లోతున గుంట తవ్వి, వంద దాకా గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది. ఆరేడు వారాలకు పిల్లలు పైకొచ్చి నీటి మెరుపు వైపు పరిగెత్తుతాయి. అరచేతిలో పట్టే ఆ పిల్లకు టైరు చేసిన చాలు ఒక లోయ. ఒకసారి అందులో పడితే సముద్రం వైపు కాకుండా చాలు పొడుగునా నడుస్తుంది. తెల్లవారేసరికి కాకులకు విందు. అటవీశాఖ సూర్యలంక తీరంలో గుడ్లను ఏరి పొదిగించి పిల్లల్ని నీళ్లలో వదులుతోందంటే అవి ఎంత కష్టంలో ఉన్నాయో తెలుస్తుంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒకటో షెడ్యూలులో దీనికి పులి పక్కనే సీటు వేశారు. పులి మీద బండి ఎక్కించే వీరుడు మాత్రం ఇంతవరకు బయల్దేరలేదు. అమెరికా తాబేళ్లు ఈ విషయంలో ముందున్నాయి. కార్లను బీచ్ మీదికి వదిలే ఫ్లోరిడాలో 1995లో ఏకంగా లాగర్‌హెడ్ తాబేలు పేరుతోనే వొలూసియా కౌంటీ మీద దావా పడింది. ఇప్పుడక్కడ రాత్రిపూట బీచ్ మీద వాహనాలు తిరగవు, గుడ్లు పెట్టే చోట్ల పగలు కూడా తిరగవు. మన తాబేలుకు బాపట్ల కోర్టులో వకాల్తా వేసేవారు లేరు గనుక అది ప్రస్తుతానికి ఇసుకనే నమ్ముకుంది.

చట్టం లేదా అంటే ఉంది. 2019 తీరప్రాంత నియంత్రణ నోటిఫికేషన్ ఇసుక దిబ్బల్నీ, మడ అడవుల్నీ, తాబేళ్లు గుడ్లు పెట్టే చోట్లనూ అత్యంత సున్నితమైన మొదటి తరగతిలో చేర్చింది. దిబ్బల రూపు మార్చడాన్ని నిషేధించింది. అడిగేవాడే కావాలంటే సూర్యలంకలో వైమానిక దళ కేంద్రం కూడా ఉంది. అయినా ఏ టైరులో ఎంత గాలి ఉంచాలో, ఏ గేరులో ఇసుక దాటాలో పొల్లుపోకుండా చెప్పగల మిత్రుణ్ణి పోటు రేఖ ఎక్కడిదాకా వస్తుందని అడిగితే ఫోన్ తీస్తాడు, అందులో సిగ్నల్ ఉండదు. కృష్ణ సముద్రంలో కలిసేవైపు సంగతి మరీ తమాషా. అక్కడ ఇసుక అనుకున్నది రొంపి. రెండు వందల కిలోలకు దగ్గర పడే బండి ఇరుసుదాకా దిగబడ్డాక, మూడు లక్షల యంత్రం చుట్టూ ఇద్దరు విద్యాధికులు నిలబడి తాడున్న జాలరి కోసం ఎదురుచూస్తారు. ఈ యాత్రకు స్నేహితుడు తప్పనిసరి ఎందుకో అప్పుడు బోధపడుతుంది. ఒకరు దిగబడాలి, ఒకరు వీడియో తీయాలి.

ఈ వాదనకు వచ్చే మొదటి అభ్యంతరం బలమైనదే. జాలర్లు ట్రాక్టర్లతో పడవలు లాగడం లేదా, చేపలవాళ్లు మోపెడ్‌ల మీద ఒడ్డుదాకా రావడం లేదా? వస్తున్నారు. నిండా వంద సీసీ కూడా లేని, తొంభై కిలోలైనా తూగని టీవీఎస్ ఎక్స్‌ఎల్ మీద రెండు వైపులా చేపల గంపలు, వెనక ఐసు పెట్టె కట్టుకుని, చెప్పులతో, నడుముకు తువ్వాలుతో, పొద్దున్నే చెరువు గట్లూ డొంకలూ దాటి రేపల్లె బజారుకు చేరే మనిషికి మోకాళ్ల కవచం లేదు, ఛాతీకి కెమెరా లేదు. నైపుణ్యంలో ఆయన్ను మించిన ఆఫ్‌రోడ్ రైడర్ ఈ రాష్ట్రంలో లేడు, కాని ఆయన దాన్ని అమ్మకం అంటాడు. ఆయన బండి వెళ్లేది రోజూ నడిచి గట్టిపడిన ఒకే జాడలో. కొత్త దిబ్బ ఎక్కి చూద్దామన్న కోరిక పుడితే ఐసు కరుగుతుంది. ఇంకా చెప్పాలంటే ఆయన కోరేది తన దారి మీద తారు పడాలని. ఒకరి దారిలేనితనం ఇంకొకరి వారాంతపు వినోదం కావడానికి ఒక్కటే షరతు, సాయంత్రానికి తిరిగి వెళ్లేందుకు రెండోవాడికి రోడ్డు ఉండాలి.

రెండో అభ్యంతరం గణితానిది. రొయ్యల చెరువుల కోసం మడ అడవులు నరికినప్పుడు, దిబ్బల్ని తవ్వి ఇసుక అమ్ముకున్నప్పుడు లేని బాధ రెండు టైర్లకే వచ్చిందా అంటారు. ఆ నష్టాల ముందు టైరు జాడ చిన్నదే, ఒప్పుకోవాల్సిందే. కాని ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పడిగినవాడు కూడా నేను అంటించలేదు కదా అనే అంటాడు. చెరువులు మింగాక మిగిలిన దిబ్బ ఎంత తక్కువైతే దాని మీద పడే ఒక్కో చక్రం అంత బరువవుతుంది. పైగా ఆక్వా రైతు తన చెరువును ప్రకృతి ప్రేమ అని చెప్పుకోడు, అప్పు అని చెప్పుకుంటాడు. దిబ్బ మీద చక్రం తిప్పి దాని కింద ప్రకృతి ఒడిలో అని రాసేది మనవాడొక్కడే.

మూడోది పర్యాటకం. కేరళలో కన్నూరు దగ్గర ముళప్పిలంగాడ్ బీచ్‌లో కార్లే నడుస్తున్నాయి, సూర్యలంకకు కేంద్రం స్వదేశ్ దర్శన్ కింద నిధులిస్తోంది, మనకేం తక్కువ అని. ముళప్పిలంగాడ్‌లో ఇసుక గట్టి, అలల్ని ఆపే రాళ్లున్నాయి, అయినా అది అనుకరించాల్సిన గొప్ప అని ఎవరూ రుజువు చేయలేదు. తీరాల మీద జీపులు తోలడం జాతీయ క్రీడలా సాగిన దక్షిణాఫ్రికా 2001 చివర్లో దాన్ని దాదాపు పూర్తిగా నిషేధించింది. అక్కడి పర్యాటకం మూతపడలేదు, ఒడ్డున గూడుపెట్టే నల్ల ఆయిస్టర్‌క్యాచర్ పక్షులు మాత్రం తేరుకున్నాయి. వచ్చినవాళ్లు బండి దిగి నడిస్తే టీ కొట్టుకూ చేపల వేపుడుకూ గిరాకీ పెరుగుతుందే తప్ప తగ్గదు. ఆకలి నడిచేవాడికే ఎక్కువ. ఉప్పుగాలి తిన్న బళ్ల వల్ల లాభపడేది మెకానిక్, ఆ తర్వాత పాత ఇనుముతో నిలువెత్తు విగ్రహాలు చేసే తెనాలి శిల్పులు.

కాబట్టి సాహసం మానమని ఎవరూ అనడం లేదు. తీరం చేరే ఆఖరి రోడ్డు దగ్గర బండి ఆపి ఇసుకలోకి కాళ్లతో వెళ్లండి. మిగతా రోజంతా రికార్డుల్లో రోడ్లుగా ఉన్నవాటి మీద స్వారీ చేయండి. లంక గ్రామాలున్నాయి, కాలువ కట్టలున్నాయి, ఏ సర్పంచి హయాంలో కంకర పోశారో ఎవరికీ గుర్తులేని దారులున్నాయి. కుదుపుకు కుదుపు, బురదకు బురద, పైగా మొత్తం చట్టబద్ధం. స్నేహితుడి చేతిలో కెమెరా ఎటూ ఉంది. బండి గుంతలో దిగబడినప్పుడు పక్కనున్న కిలోమీటరు రాయి కూడా ఫొటోలో పడేలా తీయమనండి, కింద తేదీ వేయమనండి. సముద్రం దగ్గర తీస్తే అది వీరగాథ అవుతుంది, నాలుగు రోజుల్లో అందరూ మరిచిపోతారు. రోడ్డు మీద తీస్తే ఫిర్యాదు అవుతుంది. దాన్ని వారం వారం ఇంజనీరు గారికి పంపుతూ జవాబొచ్చేదాకా పట్టు వదలకుండా ఉండటానికి ఈ జిల్లాల్లో ఇంతవరకు ఏ వీరుడూ ముందుకు రాలేదు. ఓపిక పరీక్షించే పోటీ కావాలనుకునేవారికి అంతకన్నా కఠినమైనది లేదు.