లవం, హారం, కొన్ని కుక్కలు

నేరాల రేటు అంటే ఒక ప్రాంతంలో ఏడాదిలో నమోదైన కేసుల సంఖ్యను అక్కడి జనాభాతో భాగించి, లక్షతో గుణించగా వచ్చే అంకె. పైనుండేది లవమనీ, కిందుండేది హారమనీ ఆరో తరగతి పిల్లవాడు సైతం చెప్పగలడు గానీ, ఆ లవం స్టేషన్ రైటర్ కలంలోంచి ఊడిపడవలసిందేననీ, హారం 2011 నాటి జనగణనను ఏటికేడు సాగదీసి వేసిన అంచనా అనీ ఏ పాఠ్యపుస్తకంలోనూ కనిపించదు.

ఈ విషయంలో నెల్లూరు నగరానికీ, దానికి తూర్పున మైపాడు, కోడూరు, కృష్ణపట్నం వెంబడి సాగే తీరానికీ అడగకుండానే ఒక వరం దక్కింది. జాతీయ నేర రికార్డుల బ్యూరో వెలువరించే ‘క్రైమ్ ఇన్ ఇండియా’ నివేదికలో మహానగరాల పట్టిక 20 లక్షలకు పైబడిన జనాభా ఉన్న 19 నగరాలకే పరిమితం కావడంతో, తెలుగు రాష్ట్రాల నుంచి హైదరాబాద్ ఒక్కటే ఆ పంక్తిలో కూర్చుని ఏటా మాటలు పడుతుంది; నెల్లూరు గోడచాటున నిలబడి వింటుంది. జిల్లాల లెక్కలు విడిగా ఉంటాయి గానీ, వాటిని తెరిచి చూసే ఓపిక ఉన్నవారు జిల్లాకు పదిమంది ఉంటే గొప్ప.

హారంలో మరో చమత్కారం ఉంది. కార్తీక మాసపు ఆదివారాల్లో నెల్లూరు నుంచి పాతిక కిలోమీటర్లు ప్రయాణించి మైపాడు ఇసుక మీద కూర్చునే వేలాది జనం ఆ ఊరి జనాభాలో చేరరు, వారి జేబుల్లోంచి పోయినవి మాత్రం ఆ ఊరి లవంలోనే చేరాలి. 2008లో మొదలైన కృష్ణపట్నం ఓడరేవుకు ఒడిశా, బిహార్‌ల నుంచి పని కోసం వచ్చిన కూలీల పరిస్థితీ అంతే: జనగణనలో వారు సొంత ఊళ్లో ఉంటారు, గొడవ జరిగితే ముత్తుకూరులో ఉంటారు.

అయితే లవం అంత సులువుగా పెరిగే వస్తువు కాదు. దాన్ని అదుపులో ఉంచడానికి గస్తీ కన్నా వ్యాకరణం ఎక్కువగా పనికొస్తుంది. ‘ఫోన్ కొట్టేశారు’ అన్న వాక్యంలో కర్త కనబడకపోయినా ఉన్నాడు, కనుక అది దొంగతనం. ‘ఫోన్ పోయింది’ అన్న వాక్యంలో కర్త ఫోనే, కనుక అది నేరం కాదు. ఏ ఊరి స్టేషన్‌లోనైనా బల్ల ముందు నిలబడ్డ ఫిర్యాదిని “యాడన్నా జారిపోయిందేమో, బాగా గుర్తు తెచ్చుకో అబ్బయ్యా” అని రైటర్ ఆప్యాయంగా అడిగేసరికి క్రియాపదం మారిపోతుంది, లవం ఒకటి తగ్గుతుంది. కొన్నాళ్లకు ఆ ఫోన్, ఫోన్ల ఆచూకీ పట్టే సీఈఐఆర్ పోర్టల్ పుణ్యమా అని దొరికితే, పోయిన ఫోన్ల అప్పగింత సభలో శాలువా కప్పినంత గౌరవంతో దాన్ని తిరిగి ఇస్తారు. మధ్యలో అది ఎవరి జేబులో కాపురం చేసిందన్న ప్రశ్న సభామర్యాదకు భంగం.

కాగ్నిజబుల్ నేరం, అంటే వారెంటు లేకుండానే పోలీసులు అరెస్టు చేయగల నేరం గురించి సమాచారం అందితే ఎఫ్ఐఆర్ నమోదు చేయక తప్పదని లలితాకుమారి కేసులో సుప్రీంకోర్టు 2013లోనే తేల్చిచెప్పింది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన కొత్త చట్టాలు ఇక్కడ ఒక వెసులుబాటు కల్పించాయి: 5,000 రూపాయల లోపు విలువైన సొత్తు చోరీ ఇప్పుడు కాగ్నిజబుల్ కాదు. కాబట్టి పాత సైకిలూ, రెండు కోళ్లూ, చిరిగిన వలా పోగొట్టుకున్న పట్టపుపాలెం జాలరికి పోయిన సొత్తు విలువ లెక్కగట్టడం తెలిసి ఉండాలి.

లవం ఎంత నిష్పక్షపాతమైనదో తెలియాలంటే నెల్లూరు కోర్టు చోరీని చూడాలి. 2022 ఏప్రిల్‌లో ఒక రాత్రి నెల్లూరు కోర్టు సముదాయంలో, అప్పటి మంత్రి ఒకరు నిందితుడిగా ఉన్న ఫోర్జరీ కేసుకు చెందిన ఆధారాలు చోరీకి గురయ్యాయి. రోజుల వ్యవధిలోనే ఇద్దరిని పట్టుకున్న పోలీసులు, వారు ఇనుము దొంగిలించడానికి వచ్చారనీ, కుక్కలు మొరగడంతో కోర్టులోకి దూరారనీ, చేతికందిన సంచి పట్టుకుపోయారనీ వివరించారు. దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగాయన్న సామెత ఆ రాత్రి తలకిందులైంది. ఇక్కడ కుక్కలు వేళకే మొరిగాయి, మొరిగినందుకే దొంగతనం జరిగింది. సామెత పరువు మాత్రం పూర్తిగా పోలేదు, ఎందుకంటే హైకోర్టు ఆ కేసును సీబీఐకి అప్పగించింది నవంబరులో, అంటే గడువుకు ఒక్క నెల ఆలస్యంగా. మంత్రికి ఇందులో పాత్ర లేదని ఆ తర్వాత సీబీఐ కూడా తేల్చింది. కుక్కలను ఎవరైనా విచారించారో లేదో తెలియదు. నేరాల రేటులో మాత్రం ఈ మొత్తం ఉదంతం విలువ ఒకటి: వీధిలో మోటారు సైకిల్ పోయినా ఒకటే, న్యాయస్థానం బీరువాలోంచి సాక్ష్యమే పోయినా ఒకటే.

సముద్రం దగ్గరికి వచ్చేసరికి లెక్క మరీ తేలికవుతుంది. ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపు మరపడవలు వేటాడకూడదు. తమిళనాడు మరపడవలు ఆ గీత దాటి వచ్చి జాలర్ల వలలు చింపితే, ఆ గొడవ మత్స్యశాఖ జరిమానాల పుస్తకంలోనో, పాలెం పెద్దల దురాయిలోనో, అంటే కులకట్టుబాటులోనో తేలుతుంది. ముంబై దాడుల తర్వాత తీరభద్రతకు వచ్చిన ‘సాగర్ కవచ్’ విన్యాసంలో ఉగ్రవాదుల వేషంలో పడవలెక్కి వచ్చేదీ భద్రతా సిబ్బందే, పట్టుకునేదీ వారే. ఇంత సామరస్యంగా తేలిపోయే కేసు తీరం పొడవునా మరొకటి దొరకదు.

ఇక మైపాడు అలల్లో మునిగి చనిపోయే యువకులు ఈ రేటులోకి రానే రారు. వారి మరణం అసహజ మృతిగా నమోదై, అదే బ్యూరో వేరుగా అచ్చువేసే ప్రమాద మరణాల సంపుటంలోకి వెళ్తుంది. అందువల్ల ఏ పండుగనాడైనా ఈ తీరంలో ముగ్గురు కొట్టుకుపోయినా నేరాల రేటు వెంట్రుకవాసి కూడా కదలదు, శాంతిభద్రతలు అదుపులోనే ఉంటాయి. మైపాడు వెళ్లే పాఠకులు ఫోన్‌ను ఎక్కడ దాచుకున్నా సరే, జాలర్లు వద్దన్న చోట మాత్రం నీళ్లలోకి దిగవద్దు.