మొన్న దిగిన పాతకాపు

ఇంగ్లండులో కాట్స్‌వోల్డ్స్ కొండల మధ్య, తేనెరంగు సున్నపురాయి ఇళ్లున్న ఏ పల్లెకైనా వెళ్లండి, ఆయన కనిపిస్తాడు. మైనం పూసిన కోటు, మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, వెంట లాబ్రడార్ కుక్క. బురద కుక్కకే ఉంటుంది, బూట్లకు ఉండదు. "మా ఊరు ఇదివరకు ఇలా ఉండేది కాదండీ" అంటూ మాట మొదలుపెడతాడు. ఆ 'ఇదివరకు' వయసు ఆరేళ్లు. లండన్‌లో ఫ్లాటు అమ్మేసి ఆయన ఇక్కడ దిగి ఆరేళ్లే అయింది మరి.

ఆయన ఇంటి పేరు 'ఓల్డ్ పోస్టాఫీస్'. మన ఇంటిపేరు లాంటిది కాదు, గోడకు పలక కట్టి రాయించిన పేరు. పక్కది 'ఓల్డ్ బేకరీ'. ఎదుటిది 'ఓల్డ్ ఫోర్జ్', అంటే పాత కొలిమి. వీధి చివరది 'ఓల్డ్ స్కూల్ హౌస్'. ఇన్ని 'ఓల్డ్'లు వరసగా కనిపించాయంటే ఊళ్లో రొట్టె దొరకదనీ, గుర్రానికి నాడా కొట్టేవాడు లేడనీ, బడి లేదనీ చదువుకోవాలి. పోస్టాఫీసులో కాపురం ఉంటూ కూడా స్టాంపు కావాలంటే ఈయన కారు బయటికి తీయాల్సిందే.

ఇంటి ధర గురించి నోరెత్తడు. డబ్బు ఊసు అక్కడ అమర్యాద. అయితే ఊళ్లో ఏ ఇల్లు ఎంతకు పోయిందో ఆయనకు కంఠతా వచ్చు. మన దగ్గర దస్తావేజులో రాసే ధర ఒకటి, చేతులు మారే ధర ఇంకొకటి కదా. అక్కడ 1995 నుంచి జరిగిన అమ్మకాల ధరలు ల్యాండ్ రిజిస్ట్రీలో ఎవరైనా చూసుకోవచ్చు. రాత్రి భోంచేశాక ఆయన చూసుకుంటాడు, మన పెద్దవాళ్లు భాగవతం తిరగేసినంత శ్రద్ధగా. "మీ ఇంటి విలువ బాగా పెరిగిందటగా" అని ఎవరైనా అంటే, "పెరిగి ఏం లాభం, అమ్ముతామా పెడతామా" అని నిట్టూరుస్తాడు. చాలా ఖరీదైన నిట్టూర్పు అది.

ఇంతలో ఊరి చివర పొలంలో ఎనిమిది ఇళ్లు కడతారని స్తంభానికి నోటీసు కట్టారు. మనకు స్వాతంత్ర్యం వచ్చిన 1947లోనే ఇంగ్లండు వాళ్లకు సొంత నేల మీద ఇష్టమొచ్చినట్టు కట్టుకునే స్వాతంత్ర్యం పోయింది. ఆ ఏడాది చేసిన ప్రణాళికా చట్టంతో దాదాపు ఏం కట్టాలన్నా కౌన్సిల్ అనుమతి కావాల్సి వచ్చింది. దానికి తోడు 1966 నుంచి కాట్స్‌వోల్డ్స్ ప్రత్యేక ప్రకృతి సౌందర్య ప్రాంతం. ఇక పాతకాపు కలం ఆగుతుందా! పదకొండు పేజీల అభ్యంతరం రాశాడు. గబ్బిలాలకూ, న్యూట్ అనే ఓ రకం నీటిబల్లికీ అక్కడ చట్టం రక్షణ ఉంది. కాబట్టి లండన్‌లో బొద్దింకను చూసినా కుర్చీ ఎక్కిన మనిషి, పదిరోజులు టార్చిలైటు పట్టుకుని నీటిబల్లుల కోసం చెరువుగట్టున తిరిగాడు. ఆ ఊళ్లో పుట్టి ఇల్లు దొరకని కుర్రాళ్లను లెక్కపెట్టాలంటే టార్చి అక్కర్లేదు. వాళ్లంతా టౌనులో అద్దెకున్నారు.

"ఇళ్లు కట్టొద్దని ఎవరన్నారు? కట్టాల్సిందే. ఇక్కడ మాత్రం కాదు" అన్నాడు సభలో. కిక్కిరిసిన జనరల్ బోగీ ఎక్కేదాకా "కాస్త జరగండి బాబూ" అని బతిమాలి, లోపల కాలు పడగానే గుమ్మానికి అడ్డంగా నిలబడి "వెనక పెట్టె ఖాళీ!" అని అరిచే మనిషిని మనం ఎరగమా? ఆయనే ఈయన. టికెట్టు ఖరీదు ఎక్కువ, అంతే తేడా.

నిజం చెప్పొద్దూ, మనిషి చెడ్డవాడు కాదు. ఊరివాళ్లు వంతులేసుకుని నడిపే దుకాణంలో గురువారం గురువారం జీతం లేకుండా కూర్చుంటాడు. సొంత సరుకులు మాత్రం సూపర్‌మార్కెట్ వ్యానులో వస్తాయి. పబ్బు మూతపడకూడదని ఇంటింటికీ తిరిగి సంతకాలు చేయించాడు. అందులో వంటచేసే అమ్మాయి రోజూ ఎక్కడి నుంచి వస్తుందో అడగడం మరిచిపోయాడు. ఆ ఎనిమిది ఇళ్లు 'అందుబాటు ధర'వి కదా, ఆమెకు పనికొచ్చేవేమో అంటే, "అందుబాటా? మార్కెట్ అద్దెలో నూటికి ఎనభై దాకా ఉన్నా అందుబాటే అంటారు వీళ్లు!" అని పేదల తరఫున మండిపడ్డాడు. లెక్క నిజమే. ఆ కోపం ఎటు తిరిగినా ఆయన కిటికీలోంచి కనిపించే పొలం దగ్గరికే చేరడం ఆశ్చర్యం.

మొన్న చలికాలం ఆయన వంటింట్లో పైపు పగిలింది. టౌను నుంచి ప్లంబరు రావడానికి గంట పట్టింది. వచ్చినవాడు ఏమీ అడక్కుండా మెట్ల కింద పలక జరిపి, చెయ్యి లోపలికి పెట్టి నీళ్లు కట్టేశాడు.

"అక్కడుందని నీకెలా తెలుసు?"

"మా నాయనమ్మ ఈ గదిలోనే స్టాంపులు అమ్మేదండీ. నేను పుట్టింది పైన మేడగదిలో."

పాతకాపు ఆనందం పట్టలేకపోయాడు. టీ ఇచ్చి, కుర్చీ వేసి, ఆ ఇంటి చరిత్ర మొదటినుంచీ అతనికి వివరించాడు. గంటల లెక్కన కూలి కనక, ప్లంబరు ఓపిగ్గా విన్నాడు.